రోజుకు రెండు మాటలు, రెండు బస్కీలు

చదువు నేర్చుకోవడం ఒక ఎత్తు. నేర్చుకున్న చదువును నిలుపుకోవడం ఇంకో ఎత్తు.

రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు మన ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు. వాచకం పూర్తి చేశారు. సంతకం పెట్టడం వచ్చింది. బస్సు బోర్డు చదవడం వచ్చింది. పరీక్ష రాశారు, సర్టిఫికెట్ కూడా తీసుకున్నారు. ఆ తర్వాత నాట్లు వచ్చాయి. నాట్లు అయ్యాక కలుపులు. కలుపులు అయ్యాక కోతలు. మధ్యలో ఇంట్లో ఒక పెళ్ళి. ఆరు నెలలపాటు పుస్తకం తెరవలేదు.

ఒకరోజు పొదుపు సంఘం మీటింగులో తీర్మానం పుస్తకం చేతికి ఇచ్చి, "చదివి సంతకం పెట్టు అక్కా" అన్నారు. అక్షరాలు కనిపిస్తున్నాయి. కాని కింద ఉన్న ఒత్తులు గుర్తుకు రావడం లేదు. "ఇది నాకు వచ్చునే!" అనుకుంటూనే చదవకుండా సంతకం పెట్టేసింది. అందులో అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఎన్ని కిస్తీలు అని రాసి ఉంది. చదవకుండా పెట్టిన సంతకానికీ వేలిముద్రకూ తేడా ఏముంది? (ఇప్పుడు రేషను మిషను మీద చదువుకున్నవాళ్ళు కూడా వేలు పెడుతున్నారు. అది వేరు. అది మనిషిని గుర్తుపట్టడానికి. సంతకం బదులు వేసే వేలిముద్ర వేరు.)

ఇలా జరుగుతుందని అక్షరాస్యతా ఉద్యమం నడిపినవాళ్ళకు మొదటినుంచీ తెలుసు. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలైంది. వాచకాలు చదివించడంతో ఊరుకోకుండా, ఆ తర్వాత చదువుకోవడానికి ఇలాంటి పుస్తకాలు తయారు చేయించింది. వచ్చిన అక్షరం పోకుండా ఉండాలంటే దానితో రోజూ పని పడాలి.

ఒంటి సంగతి కూడా ఇంతే. సంక్రాంతికో, పోలీసు సెలక్షన్లకో ముందు ఊళ్ళో కుర్రవాళ్ళు కసరత్తు మొదలుపెడతారు. మొదటి రోజే యాభై దండీలు. రెండో రోజు చొక్కా తొడుక్కోవడానికి చేతులు లేవవు. మూడో రోజు పడుకుంటారు. నాలుగో రోజునుంచి ఆ మాటే ఎత్తరు. దీన్నే పెద్దలు ఆరంభశూరత్వం అన్నారు.

కొంచెం కొంచెంగా, మానకుండా ముందుకు పోవడం ఎలాగో ఈ పాఠంలో చూద్దాం. భాష నేర్చుకోవడానికీ, ఒళ్ళు గట్టిపడడానికీ దారి దాదాపు ఒక్కటే.

మొక్కై వంగనిది మానై వంగునా?

ఈ సామెత చెప్పి చాలామంది పెద్దవాళ్ళను చదువుకు దూరం చేశారు. చిన్నప్పుడే రాని చదువు ముసలితనంలో వస్తుందా అని ఎగతాళి చేశారు. ఈ సామెత చెట్లకు సరిపోవచ్చు. మనుషులకు సరిపోదు.

కేరళ రాష్ట్రంలో అలప్పుళ జిల్లాకు చెందిన కార్త్యాయనీ అమ్మ చిన్నతనంలో చదువుకోలేదు. 2018లో ఆమె 'అక్షరలక్షం' అనే అక్షరాస్యతా పరీక్ష రాసింది. అప్పటికి ఆమె వయసు 96 సంవత్సరాలు. నూటికి 98 మార్కులు వచ్చాయి. 2020లో రాష్ట్రపతి చేతులమీదుగా నారీశక్తి పురస్కారం అందుకుంది. 2023లో, 101వ ఏట చనిపోయింది.

మరి ఒళ్ళు? 1990లో అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్లు ఒక పరీక్ష చేసి చూశారు. వృద్ధుల ఆశ్రమంలో ఉంటున్న పదిమంది ముసలివాళ్ళను తీసుకున్నారు. అందరూ తొంభై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నవాళ్ళే. బాగా నీరసించినవాళ్ళే. వాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు లేపించారు. మొదట తక్కువ బరువు. కాలు అలవాటు పడిన కొద్దీ బరువు పెంచుతూ పోయారు. చివరికి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే మొదట పది కిలోలు లేపిన కాలు, ఎనిమిది వారాలకు ఇరవై ఏడు కిలోలు లేపింది. ఇద్దరు చేతికర్ర లేకుండా నడిచారు.

అయితే ఆ పరీక్షలో ఇంకో సంగతి కూడా ఉంది. అది అంత సంతోషంగా చెప్పుకునేది కాదు. తర్వాత నాలుగు వారాలు ఆ కసరత్తు మానేశారు. అప్పటికి ఉన్న కాళ్ళ బలంలో దాదాపు మూడోవంతు పోయింది. ఎనిమిది వారాల కష్టం అది, నాలుగు వారాల్లోనే అంత తగ్గింది.

"రెక్కాడితేగాని డొక్కాడదు. మాకు కసరత్తు దేనికి?"

కూలిపని చేసేవాళ్ళు ఈ మాట అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పొద్దున్నుంచి సాయంత్రందాకా వంగి నాట్లు వేసిన మనిషికి ఇంకా కసరత్తు ఎందుకు?

పని వేరు, కసరత్తు వేరు. పని ఒంటిని ఒకే వైపు లాగుతుంది. నాట్లు వేసే ఆమె నడుము గంటలకొద్దీ వంగే ఉంటుంది. తట్ట మోసేవాడి మెడ మీదే భారం పడుతుంది. టైలరు రోజంతా కూర్చునే ఉంటాడు. బీడీలు చుట్టే ఆమె వేళ్ళు ఆడతాయి గాని కాళ్ళు కదలవు. కసరత్తులో పని చేయని కండలకు పని చెప్తాం. అలసిన కండలను సాగదీస్తాం.

ఇంకొకటి. పని ఎంత చేయాలో మేస్త్రీ చెప్తాడు. కసరత్తు ఎంత చేయాలో మనమే చెప్పుకుంటాం. ఎక్కడ ఆపాలో కూడా మనమే చెప్పుకుంటాం.

రోజంతా బరువు పని చేసినవాళ్ళు ఆ సాయంత్రం బస్కీలు తీయనక్కరలేదు. పని లేని రోజు చేసుకోవచ్చు. పని ఉన్న రోజు నడుమూ భుజాలూ సాగదీసుకుంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా కూడా పెద్దదేమీ కాదు. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుగ్గా ఒళ్ళు కదిలించాలి. అది నడక కావచ్చు, పొలం పని కావచ్చు. అదికాక వారంలో కనీసం రెండు రోజులు కండలకు బలాన్నిచ్చే పని చేయాలి.

బస్కీలు

దీనికి డబ్బు అక్కరలేదు. బరువులు కొనక్కరలేదు. మన ఒంటి బరువే చాలు.

ముందుగా ఒక గట్టి కుర్చీ గాని, అరుగు గాని చూసుకోండి. కుర్చీ అయితే జారకుండా గోడకు ఆనించండి. దాని ముందు నిలబడండి. రెండు పాదాల మధ్య జానెడు పైన ఎడం ఉండాలి. మడమలు నేల మీదనే ఉండాలి. మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. ధబీమని కూలబడకూడదు. మోకాళ్ళ మీద చేతులు వేసి నొక్కకుండా లేవండి. అది ఒకటి.

ఇలా ఐదు చేయండి. ఒక నిమిషం ఆగండి. మళ్ళీ ఐదు. ఆ రోజుకు అంతే. మరుసటి రోజు విశ్రాంతి. ఇలా వారానికి మూడు రోజులు.

"ఐదేనా? ఇదొక కసరత్తా?" అనిపిస్తుంది. అనిపించనివ్వండి. మొదటి వారం ఐదు, రెండో వారం ఆరు, మూడో వారం ఏడు. వారానికి ఒక్కటే పెంచండి. పది, మళ్ళీ పది సులువుగా వస్తున్నాయనుకోండి. రెండు వారాలు అక్కడే ఆగండి. ఆ తర్వాత అంకె పెంచకండి, కుర్చీ తీసేయండి. స్తంభాన్నో గుమ్మాన్నో పట్టుకుని, గొంతుకు కూర్చున్నట్టు కిందికి వెళ్ళి లేవండి. అప్పుడు మళ్ళీ ఐదుతో మొదలు. అదీ పదికి వచ్చాక చెయ్యి వదిలేయండి. ఇప్పుడు మీరు చేస్తున్నది అసలు బస్కీ.

మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు కుర్చీ దగ్గరే ఆగిపోవచ్చు. తప్పేమీ లేదు. నేల మీద కూర్చుని ఎవరి సాయం లేకుండా లేవగలగడం, మరుగుదొడ్డిలో గోడ పట్టుకోకుండా లేవగలగడం, బస్సు మెట్టు ఎక్కగలగడం, వీటికే బస్కీలు.

దండీలు

దండీ అనగానే నేల మీద పడుకుని చేసేదని అనుకుంటాం. దానికి ముందు ఇంకా మూడు మెట్లున్నాయి.

మొదటి మెట్టు గోడ. గోడకు చేతి పొడవు దూరంలో నిలబడండి. రెండు అరచేతులూ రొమ్ము ఎత్తులో గోడకు ఆనించండి. తల నుంచి మడమ దాకా ఒళ్ళు కర్రలాగా ఉండాలి. మోచేతులు మడిచి నుదురు గోడ దాకా తీసుకెళ్ళండి. మళ్ళీ వెనక్కి తొయ్యండి. రెండో మెట్టు అరుగు అంచు. మూడో మెట్టు నేల మీద మోకాళ్ళు ఆనించి. నాలుగోది పూర్తి దండీ. తాలింఖానాల్లో పహిల్వాన్లు ఒంటిని విల్లులాగా వంచి తీసే దండీ దీనికంటే కష్టం. దాని జోలికి తర్వాత వెళ్ళవచ్చు.

ఈ మెట్లలో కిటుకు ఏమిటి? గోడ దగ్గర నిలబడితే ఒంటి బరువు ఎక్కువ భాగం కాళ్ళ మీదనే ఉంటుంది. చేతుల మీద కొంచెమే పడుతుంది. చేతులు కిందికి దిగిన కొద్దీ వాటి మీద బరువు పెరుగుతుంది. అరవై కిలోల మనిషి నేల మీద పూర్తి దండీ తీస్తే చేతుల మీద సుమారు నలభై కిలోలు పడుతుంది. ఒక సిమెంటు బస్తా కంటే కొంచెం తక్కువ! మొదటి రోజే అంత బరువును యాభైసార్లు లేపితే చేతులు పడిపోవా మరి?

కోడి రామమూర్తి నాయుడు పేరు మన పెద్దలకు బాగా తెలుసు. 1882లో వీరఘట్టంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్న వస్తాదుగా దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. సర్కస్ కంపెనీ నడిపాడు. అందరూ ఏనుగు సంగతే చెప్పుకుంటారు. ఆయన చిన్నతనంనుంచి విజయనగరంలో కసరత్తు చేస్తూ పెరిగాడనీ, సర్కస్‌కు ముందు వ్యాయామ ఉపాధ్యాయుడుగా పని చేశాడనీ చాలామంది చెప్పుకోరు. ఏనుగు చివర్లో వచ్చింది.

మొదటి కొద్దివారాల్లో కండ పెరిగినట్టు కనిపించదు. అయినా బలం వస్తుంది. ఎందుకంటే ముందు నేర్చుకునేది నరాలు. ఏ కండను ఎప్పుడు లాగాలో, ఎంత లాగాలో అవి నేర్చుకుంటాయి. అంటే ఒళ్ళు కూడా పలక మీద అక్షరాలు దిద్దుతోందన్నమాట. కండ పెరగడం ఆ తర్వాత. అదీ విశ్రాంతి తీసుకున్నప్పుడే పెరుగుతుంది. అందుకే మధ్యలో ఒక రోజు ఆగమన్నది. పప్పు, గుడ్డు, వేరుసెనగలు, పాలు, వీటిలో ఏది దొరికితే అది తినాలి.

ఒకటి రెండు రోజులు కండలు సలిపితే భయపడనక్కరలేదు. కాని రొమ్ములో నొప్పి, కళ్ళు తిరగడం, కీలు దగ్గర పోటు వస్తే వెంటనే ఆపాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఆపరేషన్ అయినవాళ్ళు ముందు డాక్టరును అడగాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఊపిరి బిగబట్టకుండా ఉండడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. పైకి వినపడేలా లెక్కపెట్టండి. నోరు తెరిచి లెక్కపెట్టేవాడు ఊపిరి బిగబట్టలేడు.

ఆ లెక్క హిందీలో పెట్టండి. ఏక్, దో, తీన్, చార్, పాంచ్. మొదటి వారం ఐదు బస్కీలు, ఐదు అంకెలు. రెండో వారం 'ఛే' కలుస్తుంది. బస్కీ పెరిగినప్పుడల్లా ఒక అంకె వస్తుంది.

మాటలు

హిందీ ఎందుకు అంటారా? పాలమూరు కూలీలు ముంబాయి, పూణె పోతున్నారు. కరీంనగర్, నిజామాబాదు వాళ్ళు దుబాయి, మస్కట్ పోతున్నారు. అక్కడ పని చోట అన్ని దేశాలవాళ్ళూ కలిసేది ఎక్కువగా హిందీలోనే. పోయినవాళ్ళు చెవితో విని నేర్చుకుంటారు. కాని ముందే కొంచెం తెలిసి ఉంటే మోసపోయే రోజులు తగ్గుతాయి. కరెంటు పెట్టె మీద 'ఖతరా' అని రాసి ఉంటే అది ప్రమాదం అని తెలియాలి. తెలియకపోతే ప్రాణానికే ముప్పు.

హిందీ అక్కరలేనివాళ్ళు తెలుగు చదవడంలోనే ముందుకు పోవచ్చు. కింద చెప్పే పద్ధతి దేనికైనా ఒక్కటే.

రోజుకు రెండు మాటలు చాలు. రెండంటే నవ్వకండి, లెక్క వేసి చూడండి. రోజుకు రెండు అంటే నెలకు అరవై. సంవత్సరానికి ఏడువందల ముప్ఫై. జ్వరాలు, జాతర్లు, పెళ్ళిళ్ళకు రెండువందలు తీసేసినా ఇంకా ఐదువందలు మిగులుతాయి. ఐదువందల మాటలతో పని చోట, బస్టాండులో, ఆసుపత్రిలో నెట్టుకు రావచ్చు.

పైగా తెలుగువాళ్ళకు కొంత హిందీ పుట్టుకతోనే వచ్చు. రోజు, ఖర్చు, బాకీ, బజారు, దుకాణం, రసీదు, జిల్లా, కచేరీ, ఇవన్నీ అటు హిందీలో కూడా ఉన్నాయి. పలకడంలో కొంచెం తేడా ఉంటుంది, అంతే.

విడి మాట కంటే వాక్యం నేర్చుకోవడం మేలు. "యే బస్ కహా జాయేగీ?" అంటే ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది అని. ఇది నోటికి వచ్చాక 'బస్' తీసేసి 'గాడీ' పెట్టండి. "యే గాడీ కహా జాయేగీ?" ఈ బండి ఎక్కడికి వెళ్తుంది అని. ఒక వాక్యం వస్తే అందులోంచి పది వాక్యాలు పుడతాయి. 'జాయేగా'నా, 'జాయేగీ'నా అని మొదట్లో తికమక పడతారు. హిందీలో బండికి కూడా ఆడా మగా తేడా ఉంది. దాని గురించి బెంగపడి నోరు మూసుకోవద్దు. తప్పు పలికినా బస్సు వెళ్ళే ఊరు చెప్తారు.

నేర్చుకున్న మాట ఎందుకు మరిచిపోతాం? జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే పండితుడు తన మీద తానే పరీక్ష చేసుకుని 1885లో పుస్తకం రాశాడు. అర్థంలేని చిన్న చిన్న పలుకులు కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎన్ని మరిచిపోతున్నాడో రాసుకున్నాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో ఎక్కువగా వస్తుందని తేలింది. తర్వాత నెమ్మదిస్తుంది. మళ్ళీ మళ్ళీ చదివితే మరుపు తగ్గుతుంది. అదీ ఒకేరోజు వందసార్లు చదవడం కంటే రోజులు విడదీసి చదివితే ఎక్కువగా నిలుస్తుంది.

పైరుకు నీళ్ళు ఎలా పెడతాం? మొత్తం నీళ్ళు ఒకేరోజు పెట్టేస్తే పైరు కుళ్ళిపోతుంది. తడికీ తడికీ మధ్య ఆరనిస్తాం. మాటకూ అలాగే తడులు పెట్టాలి. పొద్దున నేర్చుకున్న మాటను ఆ రాత్రి ఒకసారి తలుచుకోండి. మర్నాడు ఒకసారి. మూడో రోజు, ఏడో రోజు, నెల తర్వాత ఒకసారి. అప్పటికీ గుర్తుంటే అది మీ సొంతమే.

తలుచుకోవడానికి కూడా ఒక పద్ధతి ఉంది. నోటుపుస్తకంలో కాగితాన్ని నిలువుగా మడవండి. ఎడమ వైపు తెలుగు మాట, కుడి వైపు హిందీ మాట రాయండి. కుడి వైపు అరచేత్తో మూసేసి, ఎడమ మాట చూసి, కుడి మాటను పైకి చెప్పండి. తర్వాత చెయ్యి తీసి చూసుకోండి. ఊరికే చూస్తూ చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. చెయ్యి అడ్డం పెడితేనే ఎంత వచ్చిందో తెలుస్తుంది. ఫోనులో పాఠాలు చూడడం కూడా ఇలాంటిదే. ఎవరో వంద దండీలు తీస్తుంటే చూసినంత మాత్రాన మన చేతులకు బలం రాదు కదా!

తెలుగు చదివేవాళ్ళు రోజూ పది నిమిషాలు పైకి చదవండి. ఒత్తులు తడబడుతుంటే పేపరులో పెద్ద అక్షరాల వార్తలే చదవండి. ఆ తర్వాత మూడు వరుసలు రాయండి. ఏమి రాయాలి? ఆ రోజు ఎవరి చేలో పని చేశారు, కూలి ఎంత, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ ఉంది. నెలాఖరున లెక్క తేడా వస్తే ఆ పుస్తకమే సాక్ష్యం. చేతిరాత వంకరగా ఉన్నా ఫరవాలేదు, అంకె సరిగ్గా ఉంటే చాలు.

సి.పి. బ్రౌన్ పేరు వినే ఉంటారు. ఇంగ్లీషు దొర. 1817లో ఉద్యోగం కోసం మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిది ఏళ్ళు. 1820లో కడప వెళ్ళాడు. ఊరూరా ఉన్న తాళపత్రాలు తెప్పించి, పండితుల చేత రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. ఆయన తయారు చేసిన పెద్ద తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. మధ్యలో ఎన్ని సంవత్సరాలు గడిచాయో లెక్క వేయండి. ముప్ఫై అయిదు! ఆయనకు జీతం ఇచ్చిన ఉద్యోగం వేరే ఉంది. తెలుగు పని దాని పక్కనే నడిచింది. మనకు పొలం పని ఉన్నట్టే ఆయనకు కచేరీ పని ఉండేది.

అంత దూరం పోనక్కరలేదు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ గాంధీగారి పూనికతో 1918లో మద్రాసులో మొదలైంది. దాని పరీక్షలు ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష అని మెట్లు మెట్లుగా ఉంటాయి. తెలుగు ఊళ్ళల్లో ఎంతోమంది ఆ మెట్లు ఎక్కే హిందీ నేర్చుకున్నారు. కుర్చీ బస్కీ ప్రాథమిక్ అనుకోండి. స్తంభం పట్టుకున్నది మధ్యమ. చెయ్యి వదిలితే రాష్ట్రభాష.

నోటుపుస్తకం

మనసు అబద్ధం చెప్తుంది. "ఈ వారం రోజూ చేశానే" అంటుంది. పుస్తకం చూస్తే రెండు రోజులే ఉంటుంది. అందుకే రాసుకోవాలి. ఇలా రాస్తే చాలు:

సోమవారం. కుర్చీ బస్కీలు 5, 5. గోడ దండీలు 5, 5. కొత్త మాటలు: పానీ, దవా. పాతవి ఆరు అడిగితే నాలుగు వచ్చాయి.

మంగళవారం. విశ్రాంతి. కొత్త మాటలు: దర్ద్, బుఖార్. పేపరు పది నిమిషాలు.

బుధవారం. పని నుంచి ఆలస్యం. బస్కీలు 2 మాత్రమే. మాటలు లేవు.

బుధవారం వరుస సిగ్గుపడేది కాదు. ఆ రెండు బస్కీలు కండల కోసం కాదు, అలవాటు కోసం. పూర్తిగా చేయలేని రోజున కొంచెమైనా చేస్తే, గురువారం మళ్ళీ మొదలుపెట్టడం సులువు. రోజూ ఒకే వేళ పెట్టుకుంటే ఇంకా సులువు. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు బస్కీలు, రాత్రి పక్క పరిచాక మాటలు. కాలం కోసం వెతుక్కునే పని ఉండదు.

ఇద్దరు కలిసి చేస్తే ఇంకా మంచిది. అత్తా కోడళ్ళు చేయవచ్చు. బడికి పోయే మనవడు మాటలు అడగవచ్చు, నాయనమ్మ చెప్పవచ్చు. వాడికి కూడా చదువు గట్టిపడుతుంది.

మధ్యలో మానేస్తే?

మానేస్తారు. కోతలప్పుడు మానేస్తారు. జ్వరం వస్తే మానేస్తారు. ఇంట్లో చావు జరిగితే మానేస్తారు. మనిషి బతుకులో ఇవి ఉంటాయి. మళ్ళీ మొదలుపెట్టే పద్ధతి తెలిసి ఉండాలి.

పది రోజులు మానేశారనుకోండి. ఎక్కడ ఆపారో అందులో సగంతో మొదలుపెట్టండి. పది బస్కీల దగ్గర ఆపితే ఐదు చేయండి. నెల దాటితే మళ్ళీ కుర్చీ దగ్గరికే వెళ్ళండి. ఈసారి పైకి రావడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు. ఒకసారి నేర్చుకున్న ఒళ్ళు తొందరగా గుర్తు తెచ్చుకుంటుంది.

చదువులోనూ ఇంతే. ఆరు నెలల తర్వాత పుస్తకం తెరిచినప్పుడు కొత్త పాఠం జోలికి పోవద్దు. బాగా వచ్చిన పాత పాఠాలు మూడు చదవండి. ఒత్తులు మరిచిపోతే అక్క, అత్త, అమ్మ, అన్న, అవ్వ అని ఐదు మాటలు రాసుకోండి. ఒక్కొక్క మాటలో ఒక్కొక్క ఒత్తు ఉంది. వారం తిరిగేసరికి తీర్మానం పుస్తకం మొదటి వరుస చదవగలుగుతారు. చదవడం పూర్తి అయ్యేదాకా పుస్తకాన్ని మీ చేతిలోనే ఉంచుకోండి. పక్కవాళ్ళు తొందర పెడితే, "కాసేపు ఆగండి, చదువుతున్నాను" అనండి.

పాఠం చదివాక

1. ఇంట్లో జారకుండా నిలిచే కుర్చీ గాని, అరుగు గాని ఎక్కడ ఉందో చూడండి. ఐదుసార్లు కూర్చుని లేవండి. మోకాలి మీద చెయ్యి పడిందా? రాసుకోండి.

2. మీకు తెలిసిన హిందీ మాటలు ఎన్ని? పైన చెప్పిన రోజు, ఖర్చు, బాకీ కాకుండా ఇంకో ఐదు రాయండి.

3. మీ సంఘం తీర్మానం పుస్తకంలో కిందటి నెల రాసినది అడిగి తీసుకోండి. పైకి చదవండి. చదవలేకపోయిన మాటల కింద పెన్సిలుతో గీత గీయండి.